రాతిగుండు వెనకాల రేగు

మా ఆయన స్థలం కొన్నారని తెలిసిన రోజు ఇరుగుపొరుగుకి పంచదార పంచాను. ఆ స్థలం చూసిన రోజు ఇంటికొచ్చి, అన్నం కూడా వండకుండా ముసుగు పెట్టి పడుకున్నాను.

అప్పటికి మేం బాలానగర్‌లో ఫ్యాక్టరీకి దగ్గరగా ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. వీధి చివర కూరల బజారు, గుమ్మంలో కుళాయి, గోడకి అవతల మాట్లాడుకోవడానికి మనుషులు. నాకింకేం కావాలి? కానీ మా కామేశ్వరరావుగారికి తోట కావాలి. ఆయనది నూజివీడు పక్కన పల్లె. ఫ్యాక్టరీ స్టోర్సులో పొద్దస్తమానం బోల్టుల మధ్య కూర్చుని మామిడి పూత గురించి కలలు కనే మనిషి. అలాంటి మనిషికి డెబ్బైలో ఎవరో నల్లగండ్ల అవతల స్థలం చవగ్గా ఉందని చెవిలో ఊదారు. ఎందుకు చవగ్గా ఉందో చూసిరావడం మాత్రం కొన్నాక పెట్టుకున్నారు.

లింగంపల్లిలో బస్సు దిగి, ఎండలో నడిచి నడిచి, ఇంక నడవలేనని నేను కూలబడేచోట మొదలవుతుంది మా స్థలం. అంతా రాళ్లు. చిన్న రాళ్ల మీద పెద్ద రాళ్లు, పెద్ద రాళ్ల మీద మరీ పెద్దవి, ఎవరో పనిలేనివాళ్లు ఎత్తి పెట్టినట్టు. వాటి మధ్య ముళ్లపొదలు. ఒక మూల ఏనుగంత రాతిగుండు.

"ఇదే మన తోట" అన్నారు మా ఆయన తుండుతో చెమట తుడుచుకుంటూ.

"ఎక్కడ?" అన్నాను.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. బావి తవ్వించారు, నీళ్లు పడ్డాయి, అది దేవుడి దయ. బండలు పరిచిన కప్పుతో ఒక గది వేయించారు. నూజివీడు నుంచి మామిడి అంట్లు తెప్పించారు. తెప్పించడం అంటే రైల్లో మేమిద్దరం చెరి కొన్ని ఒళ్లో పెట్టుకుని, రాత్రంతా వాటికి గాలి తగిలేలా కిటికీ తెరిచి, మాకు జలుబు తగిలించుకుని తెచ్చాం. నాటిన వారానికే ఒక్కోటీ వేలాడ్డం మొదలుపెట్టింది. కాస్త నిలదొక్కుకున్న వాటిని సత్తెమ్మ మేకలు తిన్నాయి.

సత్తెమ్మ నల్లగండ్లలోనే ఉంటుంది. మేకలు కాస్తుంది, పొదల్లో కాసిన రేగుపళ్ళు చలికాలం గంపతో లింగంపల్లి తీసుకెళ్లి అమ్ముకుంటుంది. మేం కొనకముందు నుంచీ ఆ రాళ్లు ఆవిడవే అన్నట్టు తిరిగేది, కొన్నాక కూడా అలాగే తిరిగింది. మా ఆయన మామిడి మొక్క మీద పడి లబోదిబోమంటుంటే నింపాదిగా వచ్చి నిలబడింది.

"ఏంది సారు, గీ రాళ్లల్ల మామిడి వెట్టినవా? మేక తినకుంటె ఎండ తింటది. మేక తిన్నదే నయం, జర పాలన్న ఇస్తది."

మా ఆయన లేచి పంచె దులుపుకున్నారు. నాకు మాత్రం సత్తెమ్మ మీద అప్పుడే అభిమానం పుట్టుకొచ్చింది. ఆయన నోరు మూయించడానికి నేను అన్నేళ్లుగా పడుతున్న పాట్లు నాకు తెలుసు.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక ఒక ఆదివారం నేను బావి దగ్గర బట్టలు తడుపుతున్నాను. "భ్రమరా! పరిగెత్తుకు రా!" అని కేక వినిపించింది. పామే అనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తాను. తీరా చూస్తే ఈయన నేల మీద బోర్లా పడుకుని, రెండాకుల మొలకతో ముఖాముఖీ మాట్లాడుతున్నారు.

"సీతాఫలం! దానంతటదే మొలిచింది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. ఇదిగో ఇక్కడ తునికి. అదిగో వాక్కాయ. మనం నాటినవి చచ్చాయి, నాటనివి బతికాయి. అంటే ఏమిటి?"

"అంటే మనం ఇంటికి పోవచ్చని" అన్నాను.

వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి ఆయనకి అడవి మొక్కల పిచ్చి పట్టుకుంది. మేకలు ముట్టని ఆకు సీతాఫలం ఒక్కటేనని కనిపెట్టి, దొరికిన మొలకలన్నీ తవ్వి స్థలం చుట్టూ కంచెలా నాటారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ ఆకుకి నల్లులు పారిపోతాయని ఎవరో చెబితే గోనె సంచీడు ఆకు బాలానగర్ మోసుకొచ్చి పరుపుల కింద పరిచారు. ఆ వాసనకి ముందు మేం పారిపోయి అరుగు మీద పడుకున్నాం. నల్లులు కూడా పోయాయి. ఎంతో దూరం పోలేదు, పక్క వాటాలో ఉన్న విశ్వేశ్వరరావుగారింటికి వెళ్లాయి. ఆయనా మా ఆయనా ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు, కాబట్టి ఈ సంగతి మర్నాటికల్లా ఫ్యాక్టరీ అంతా పాకింది. "కామేశ్వరరావుగారు నల్లుల్ని బదిలీ చేశారు" అని చాలాకాలం చెప్పుకున్నారు.

వాక్కాయల మాట కూడా చెప్పాలి. ఆ ముళ్లపొదకి కాసిన పుల్లటి కాయలు ఒడినిండా తెచ్చి ఇచ్చారు. పప్పులో వేశాను. మా అమ్మ చేతి పప్పు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందని చెప్పాను. ఆయనకి అసలు సంగతి తెలిస్తే మర్నాడే సామాన్లు సర్దమనేవారు.

డెబ్బై మూడు జనవరిలో నుమాయిష్‌కి, అదే ఏటా పెట్టే ఎగ్జిబిషన్‌కి, వెళ్లాం. నేను గాజులు చూసుకునేలోపు ఈయన మాయమయ్యారు. వెతగ్గా వెతగ్గా ఒక మొక్కల స్టాలు ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నారు. అక్కడ బల్ల మీద బనారసు రేగుపళ్ళు ఉన్నాయి, ఒక్కోటీ నిమ్మకాయంత. స్టాలతను చెబుతున్నాడు, అడవి రేగుపొదని మొదలంటా నరికి, కొత్తగా వచ్చిన చిగురుకి బెరడు చీల్చి, అందులో ఈ జాతి రేగు కన్ను ఒకటి పెట్టి కట్టేస్తే చాలట. వేళ్లు అడవివి, పళ్ళు బనారసువి. నీళ్లు పోయక్కర్లేదు, ఎండకి చావదు.

మా ఆయన నావైపు తిరిగారు. పెళ్లిచూపుల్లో కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

"భ్రమరా, మన స్థలం నిండా రేగే!"

ఎండలు ముదరకముందే కత్తి పట్టుకుని మొదలుపెట్టారు. పొద కనిపిస్తే చాలు, మొదలంటా నరకడం. సత్తెమ్మ పరుగున వచ్చింది.

"ఓ సారు! ఏం మాయరోగం నీకు? గా పొదలు నిన్నేమన్నయి? రేపు నేను గంపల ఏం వోసుకొని అమ్మాలె, నీ నెత్తి అమ్మాల్నా?"

"ఓపిక పట్టు సత్తెమ్మా. నిమ్మకాయలంత పళ్ళు కాస్తాయి. నువ్వే అమ్ముకుందువుగాని" అన్నారు ఈయన.

"రేగుకు నిమ్మకాయ కాస్తదా! ఒక్కటి బత్కదు. బత్కితె నా పేరు మార్చుకుంట" అని ఉమ్మేసి వెళ్లింది.

వానలు పడ్డాక ఒక నర్సరీ నుంచి బనారసు పుల్లలు తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, స్టోర్సు నుంచి వచ్చిన కళ్లజోడు ముక్కు కొసకి దించుకుని, చిగురుకి బెరడు చీల్చి కన్ను పెట్టి ప్లాస్టిక్ పేలికతో కట్టారు. ముళ్లు గీసుకుని చేతులు రక్తాలు. నిజం చెప్పొద్దూ, ఒక్క కట్టు కూడా వదులుగా కట్టలేదు. సత్తెమ్మ శాపం ఫలించలేదు, కళ్లన్నీ బతికాయి. సత్తెమ్మ పేరు మార్చుకోనూ లేదు.

ఇక్కడ నాకో ఉద్యోగం వచ్చింది. అంటు కట్టిన చోటుకి కింద, అడవి మొదలు నుంచి దాని సొంత చిగుళ్లు వస్తూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు చిదిమెయ్యాలి, లేకపోతే అడవిదే పెరిగి పైన పెట్టిన కన్నుని చంపేస్తుంది. ఆయన బావి దగ్గర నీళ్లు తోడుతుంటే ఆదివారం ఆదివారం నేను పొద పొదకీ వంగి చిగుళ్లు చిదమాలి.

చిదిమాను, ఒక్కదాన్ని తప్ప. రాతిగుండు వెనకాల ఉన్న పొద అది. ఎండ తగలని చోటు. నేనూ సత్తెమ్మా నడుం వాల్చి కబుర్లు చెప్పుకునేది అక్కడే. మధ్యాహ్నం రొట్టె, పచ్చడి ఆవిడది, పులిహోర నాది. ఒకనాడు ఆ పొదకి చెయ్యి పెట్టబోతే సత్తెమ్మ ఆపింది.

"దీన్ని ఇడువమ్మా. దీని పండు ఎంత తియ్యగుంటదో, ఎంత పుల్లగుంటదో! ఒక్కటన్న ఉండనియ్యి."

నాకూ అదే అనిపించింది. నిమ్మకాయంత రేగుతో వడియాలు ఎలా పెడతాను? చిన్న పళ్ళు దంచి, బెల్లం, మిరపకాయ, ఉప్పు వేసి ఎండబెడితేనే రేగొడియం. ఆ పుల్లదనం బనారసు నుంచి వస్తుందా? పైన కట్టిన కన్ను నా చేత్తోనే విరిచేసి పక్కన పారేశాను. ఇప్పటికీ మంచిపనే చేశానంటాను.

"మరి సారు అడుగుతే?" అంది సత్తెమ్మ.

"నీ మేక తిన్నదంటాను."

"నా మేక మీద వెడ్తవా? వెట్టు. దానికేం సిగ్గా!"

సాయంత్రం ఆయనకి అలాగే చెప్పాను. మేకని తిట్టుకుని, ఒక్కటే కదా పోయింది అని సరిపెట్టుకుని, మళ్లీ గుండు వెనక్కి వెళ్లి చూడలేదు.

మరుసటి ఫాల్గుణంలో మా అమ్మాయి రత్నమాలకి ఆడపిల్ల పుట్టింది. మా అత్తగారి పేరే పెట్టారు, పుణ్యవతి. రత్నమాల కాపురం చిక్కడపల్లిలో. పురిటికొచ్చిన పిల్ల తిరిగి వెళ్లిపోయాక ఇల్లు బావురుమంది. అప్పుడే వాళ్లింటి పక్క వాటా ఖాళీ అయిందని కబురొచ్చింది. కుళాయి ఉంది, సందు చివర కూరలు దొరుకుతాయి, గోడ అవతల మనవరాలు. ఈయన మాత్రం ఇంకో రెండేళ్లలో రిటైరయ్యాక నల్లగండ్లలో ఇల్లు కట్టుకుని ఉందాం అంటారు. గోడ అవతల మేకలు.

సరిగ్గా ఆ సమయానికి విశ్వేశ్వరరావుగారు ఒక మాట తెచ్చారు. ఆయన బావమరిది కోళ్ల ఫారం పెట్టడానికి స్థలం చూస్తున్నాడట. మాది సరిపోతుందట.

"ఎటూ అక్కడ పండేదేం లేదు కదా కామేశ్వరరావుగారూ. కోళ్లయినా గుడ్లు పెడతాయి" అన్నారు.

మా ఆయన ముఖం మాడిపోయింది. ఆ రాత్రి ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. చివరికి నేనే తెగేసి చెప్పాను.

"సరే. పుణ్యవతికి మొదటి భోగి వస్తుంది. ఆ నేల మీద పండిన రేగుపళ్ళు పిల్లకి భోగిపళ్ళు పోశామా, మీ ఇష్టం, అక్కడే ఇల్లు కట్టండి, నేను నోరెత్తను. పొయ్యలేకపోయామా, విశ్వేశ్వరరావుగారి బావమరిదికి ఇచ్చేసి చిక్కడపల్లి వెళ్దాం. మళ్లీ తోట అనే మాట నా ముందు ఎత్తకూడదు."

"ఒప్పుకున్నాను" అన్నారు వెంటనే. అంత వెంటనే ఒప్పుకున్నారంటే అప్పటికే చెట్లకి పిందె నిలిచినంత ధైర్యం. నేను కూడా కాస్త భయపడ్డాను.

కార్తీకం దాటేసరికి ఆయన చెట్లు నిజంగానే కాశాయి. కొమ్మలు నేలకి వంగిపోయాయి. ఆయన నడక మారింది. ఫ్యాక్టరీలో ఒక్కో కాయ జేబులో పెట్టుకుని వెళ్లి, ఎవరూ అడక్కపోయినా తీసి చూపించేవారు. భోగిపళ్ళు స్థలంలోనే పోయాలని ఆయనే పట్టుబట్టారు, లేకపోతే బజార్లో కొన్నారని విశ్వేశ్వరరావు అంటాడని. "బయటి రేగుపండు ఒక్కటి కూడా అక్కడికి రావడానికి వీల్లేదు" అని పేరంటాళ్లకి కూడా ముందే చెప్పి పంపారు.

సత్తెమ్మకి కోళ్ల ఫారం సంగతి నేనే చెప్పాను. గుండు వెనక కూర్చుని రొట్టె చిన్నచిన్న ముక్కలుగా తుంచి మేకకి వేసింది.

"కోళ్లు వస్తె ఇనుప కంచె పడ్తది. రేగులుండవు, నా మేకలుండవు" అంది. "నువ్వు గూడ ఉండవు గదమ్మా."

నేను పులిహోర ఆవిడవైపు జరిపాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

భోగినాటి మధ్యాహ్నం లింగంపల్లి నుంచి రెండు ఎడ్లబళ్ల మీద ఊరేగింపుగా వెళ్లాం. రత్నమాల, పిల్ల, విశ్వేశ్వరరావుగారు, ఆయన భార్య జయలక్ష్మి, ఇంకా వీధిలో పేరంటాళ్లు. రాళ్లలో బండి ఎగిరినప్పుడల్లా జయలక్ష్మి "కోళ్లు మాత్రం ఇక్కడ ఉంటాయంటారా?" అని మొగుణ్ణి అడుగుతూ వచ్చింది.

గది ముందు చాప వేసి, పీట మీద పట్టుపరికిణీలో పుణ్యవతిని కూర్చోబెట్టాం. పది నెలల పిల్ల. నెత్తిన వెంట్రుకలు ఇంకా సరిగా రాలేదు, నున్నగా మెరుస్తోంది. మా ఆయన లోపలి నుంచి పళ్ళబుట్ట తెచ్చారు. పొద్దున్నే వచ్చి ఏరి ఏరి అన్నిట్లోకీ పెద్దవి కోశారు. కడిగి, గుడ్డతో తుడిచి, నిగనిగలాడించి పెట్టారు. బంతిపూల రేకులు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు కలిపాం. అవన్నీ ఆ పళ్ళ సందుల్లో పడి కనిపించకుండా పోయాయి.

పెద్ద ముత్తయిదువని నేను. కానీ పందెంలో అవతలిదాన్ని కూడా నేనే కాబట్టి, మొదట జయలక్ష్మి పొయ్యాలని ఆయనే అన్నారు. జయలక్ష్మి దోసిలి పట్టింది. దోసిలికి నాలుగే పట్టాయి. పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి వదిలింది.

ఠక్.

పుణ్యవతి ముందు కళ్లు పెద్దవి చేసింది. ఎవరు కొట్టారా అని తల తిప్పి జయలక్ష్మిని చూసింది. తర్వాత నల్లగండ్ల చెరువు దాకా వినిపించేలా ఆరున్నొక్క రాగం అందుకుంది.

"నాన్నా!" రత్నమాల పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. "ఇవి భోగిపళ్ళా, రాళ్లా?"

"నేను మెల్లిగానే వదిలానమ్మా" అంది జయలక్ష్మి ఏడుపు గొంతుతో.

పిల్ల నెత్తి మీద చిన్న బొడిపె లేచింది. వెన్న రాశాం. మా ఆయన బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఒకసారి పడ్డాయిగా" అన్నారు గొణిగినట్టు.

"పడటం కాదండీ, పొయ్యడం కావాలి" అన్నారు విశ్వేశ్వరరావుగారు మీసం దువ్వుకుంటూ.

"కోసి ముక్కలు చేసి పోద్దాం."

"శుభమా అని పిల్ల నెత్తిన తరిగిన పళ్ళు పోస్తారా ఎవరైనా!" అని పేరంటాళ్లందరూ ఒకేసారి లేచారు.

ఆయన లోపలికి పరిగెత్తి ఇత్తడి గిన్నె తెచ్చారు. "ఇది నెత్తిన బోర్లించి..." అనబోయి, రత్నమాల చూసిన చూపుకి గిన్నె వెనక దాచుకున్నారు.

పొద్దు వాలుతోంది. దీపాలవేళలోపు పోసెయ్యాలి. చిన్న రేగుపళ్ళు కావాలంటే లింగంపల్లి వెళ్లి రావాలి, వెళ్లొచ్చినా అవి మా నేలవి కావు. స్థలంలో ఉన్న పొదలన్నిటికీ ఈయన బనారసు కట్టేశారు. ఆయన తెలివే ఆయన కొంప ముంచింది. విశ్వేశ్వరరావుగారు అప్పుడే చేత్తో కొలుచుకుంటున్నారు, కోళ్ల షెడ్డు ఎటువైపు మొహం పెట్టాలా అని.

నేను తలెత్తాను. సత్తెమ్మ కంచె పక్కన మేకతో నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. గుండు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గుండు వెనకాల పొద గురించి తెలిసింది మా ఇద్దరికే.

నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. కూర్చున్నచోట కూర్చుంటే చాలు. చిక్కడపల్లిలో కుళాయి, కూరలు, గోడ అవతల మనవరాలు. బళ్లెక్కి ఇంటికి పోవడమే.

అప్పుడు ఈయన ఒక పని చేశారు. చాప మీద కూర్చుని, దొర్లిపోయిన పళ్ళు ఒక్కోటీ తీసి ఉత్తరీయంతో తుడిచి బుట్టలో పెట్టడం మొదలెట్టారు. కోప్పడలేదు, వాదించలేదు, నా వైపు చూడలేదు. ఓడిపోయిన మగవాడు కాస్త అరిస్తే బాగుంటుంది, మనమూ అరవచ్చు. పళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే ఏం చెయ్యాలి? నాకు జాలేసింది. ఎన్నేళ్లో తిట్టి తిట్టి, చివరికి జాలేసినందుకు ఒళ్లు మండింది. గది లోపలికెళ్లి చేట తెచ్చుకున్నాను.

"ఎక్కడికే అమ్మా?" అంది రత్నమాల.

"భోగిపళ్ళకి" అన్నాను.

గుండు వెనక్కి నేను చేరేసరికి సత్తెమ్మ కర్రతో సహా అక్కడే ఉంది. ఎప్పుడు పరిగెత్తిందో.

"కొట్టనా అమ్మా?"

"కొట్టు."

నేను చేట పట్టాను. సత్తెమ్మ కొమ్మ మీద ఒక్కటి వేసింది. ఎర్రటి చిన్నచిన్న రేగుపళ్ళు జలజలా రాలాయి. చేటలో, నా కొంగులో, జుట్టులో. సత్తెమ్మ నవ్వుతూనే ఉంది, కొడుతూనే ఉంది, చాలే అంటే వినలేదు.

చేటనిండా పళ్ళతో నేను వచ్చేసరికి అందరూ నోళ్లు తెరిచారు. పీట మీద పిల్లని కూర్చోబెట్టమన్నాను. ఈసారి దోసిలి నేనే పట్టాను. మూడుసార్లు తిప్పి పోస్తే పళ్ళు, పూలరేకులు, శనగలు నెత్తి మీద నుంచి మెత్తగా జారి ఒళ్లో పడ్డాయి. పుణ్యవతి ముందు భయపడి కళ్లు మూసుకుంది, తర్వాత కిలకిలా నవ్వింది. ఒక పండు తీసి నోట్లో పెట్టుకుని ముఖమంతా ముడిచేసింది, అయినా ఉమ్మలేదు. ఆ పట్టుదల తాతగారి పోలిక. వరసగా అందరూ పోశారు. హారతి ఇచ్చాం. సత్తెమ్మని కూడా చాప మీదకి పిలిచి దోసిలి పట్టించాను.

"చెల్లెమ్మా, ఇది న్యాయం కాదు" అన్నారు విశ్వేశ్వరరావుగారు. "ఇవి మీవారు పండించినవి కావు. అడవి కాయలు. పందెం చెల్లదు."

"పందెం నాకూ మా ఆయనకీ అన్నయ్యగారూ. ఈ నేల మీద పండితే చాలన్నాను. పండాయి. ఆయన చెడగొట్టినా పండాయి. మీ బావమరిదిని వేరే చోట చూసుకోమనండి."

ఆయన బుట్టలో నుంచి ఒక బనారసు పండు తీసుకుని కొరికారు. ఇంకోటి తీసుకున్నారు. అవి రుచికి మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి, అది దాచి లాభం లేదు. తిరుగు ప్రయాణంలో జయలక్ష్మి సంచీ నిండా అవే. మిగిలినవి సత్తెమ్మ గంపలోకి వెళ్లాయి. నిమ్మకాయ అని పేరు పెట్టి అమ్ముకుంటానంది.

అందరూ బళ్లెక్కుతుంటే మా ఆయన చాప మీద నుంచి ఒక చిన్న రేగుపండు తీసి, కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"భ్రమరా, ఇవి ఏ చెట్టువి?"

"గుండు వెనకాల దానివి."

"దాన్ని మేక తినేసిందన్నావు?"

సత్తెమ్మ ఆకాశంలోకి చూసింది. మేక కూడా ఎటో చూసింది.

"తిన్నది. మళ్లీ మొలిచింది" అన్నాను.

ఆయన పండు నోట్లో వేసుకున్నారు. నమిలారు. నన్ను చూశారు. నేను దాచిందీ, బయటపెట్టిందీ రెండూ ఆయనకి అర్థమయ్యాయని ఆ చూపులోనే తెలిసింది. కొంగులో చిక్కుకున్న పండొకటి తీసి నా చేతిలో పెట్టారు.

"పుల్లగా భలే ఉంది" అన్నారు. గింజ ఊసి, "మొదలు మంచి బలంగా ఉన్నట్టుంది. వచ్చే వానలకి దీనికి కూడా ఒక కన్ను..." అని మొదలెట్టారు.

రిటైరయ్యాక ఇల్లు అక్కడే కట్టాం. ప్లాను గీసేటప్పుడు ఆయన చెప్పినవన్నిటికీ నోరెత్తకుండా తలూపాను, మాటిచ్చాను కదా. నేను పట్టుబట్టింది ఒక్కటే. వంటింటి కిటికీ రాతిగుండు వైపే ఉండాలి, పెద్దదిగా ఉండాలి, పొద మొదలు దాకా కనిపించాలి. గాలి కోసం కాబోలనుకున్నాడు మేస్త్రీ. కత్తి పట్టుకుని తిరిగే మనిషితో కాపురం చేసేదాన్ని, నా జాగ్రత్తలో నేనున్నాను.